మా ఎంపీ గారు కాదన్న రోజు

కంట్లో శుక్లం తీసి కొత్త అద్దం అమర్చిన డాక్టరు గారు కొన్నాళ్ళపాటు చదువూ టీవీ రెండూ కట్టిపెట్టమన్నారు. పొద్దున్నే పేపరు చేతికి రాకపోతే కాఫీ గొంతు దిగని మనిషిని. ఏం చేయను? మా మనవరాలు కాలేజీ నుంచి రాగానే దాన్ని మంచం పక్కన కూర్చోబెట్టుకుని వార్తలు చెప్పించుకునేదాన్ని. దానికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం అంతంతమాత్రం, ఒక్కో అక్షరం కూడబలుక్కునేసరికి సాయంత్రమైపోతుంది. అందుకని ఫోనులో హిందీ వార్తలు చూసి, సగం తెలుగులోనూ సగం హిందీలోనూ నాకు చెప్పేది. నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని.

అలా ఒకరోజు చెబుతూ చెబుతూ ఆగి, మన ఎంపీ సంగతులన్నీ ఇందులో ఉన్నాయంది. సభకి ఏ మాత్రం వెళ్ళాడు, ఏ మంత్రిని ఏ ప్రశ్న అడిగాడు, ఏ బిల్లు మీద నోరు విప్పాడు, ఏ సంగతులు పట్టించుకున్నాడు, వేటిని వదిలేశాడు, అన్నీ వరసగా ఉన్నాయట. ఈసారి తొలి ఓటు వేయబోతున్న పిల్ల కాబట్టి పరీక్షకి చదివినంత శ్రద్ధగా చూసింది. చూసి, “మీ టైంలో ఇదంతా ఎలా పతా చలేది, అమ్మమ్మా?” అంది.

మా టైంలో తెలిసేది కాదు అనబోయి ఆగిపోయాను. ఒక్కసారి మాత్రం తెలిసింది. ట్రంకు కాలులో, గరగరమనే ఆ చప్పుడు మధ్య నుంచి, నా చెవికే తెలిసింది. ఆ సంగతి దానికి ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇప్పుడు కళ్ళు కుదుటపడ్డాయి గనక నా ఈడు వాళ్ళ కోసం కుదురుగా రాస్తున్నాను. మీకైతే ట్రంకు కాలంటే ఏమిటో, ఎక్స్చేంజి అమ్మాయిని ఎంత బతిమాలుకోవాలో విడమరచి చెప్పనక్కర్లేదు.

మా నాన్నగారిది శ్రీకాకుళం వైపు పల్లె. ఆ రోజుల్లో మా వైపు నుంచి ఒక్కడు రైల్వేలో చేరితే వాడి వెనక ఊళ్ళో సగం మంది బండెక్కి వచ్చేసేవారు. అలా వచ్చి బిలాస్‌పూర్ యార్డులో సిగ్నల్ కేబిన్ మనిషిగా పనిచేసి, క్వార్టర్లోనే మమ్మల్ని పెంచి, రిటైరవగానే క్వార్టరు ఖాళీ చేయాలి గనక యార్డు అంచున, తోర్వా దాటాక గతౌరా వైపు ఉన్న ఖాళీ జాగాలో రెండు గదుల పెంకుటిల్లు కట్టారు. ఆయన ఒక్కరే కాదు, ఆయనతో పాటు రిటైరైన వాళ్ళందరూ అక్కడే కట్టుకున్నారు. స్థలం రైల్వేదని అందరికీ తెలుసు. పెద్ద అధికారులకీ తెలుసు. జీవితమంతా రైల్వేకి చేశాం, ఈ మూల ఎవరికి పనికొస్తుందిలే అని వీళ్ళూ, చూసీ చూడనట్టు వాళ్ళూ ఉండిపోయారు. అలా బస్తీ అయింది. ఇల్లు కట్టిన రెండో ఏటే నాన్నగారు పోయారు. అమ్మా నేనూ మిగిలాం. మా చిన్నాన్న లోకో షెడ్డులో పనిచేస్తూ క్వార్టర్లో ఉండేవాడు. రోజూ డ్యూటీ దిగి వెళ్తూ మా గుమ్మంలో సైకిలు ఆపి, ఏం కావాలో కనుక్కుని గానీ కదిలేవాడు కాదు.

నేను హిందీ, ఇంగ్లీషు రెండు మిషన్ల మీదా టైపు నేర్చుకున్నాను. ఉద్యోగం ఎక్కడా దొరక్క తిరుగుతుంటే, ఎంపీ గారి ఆఫీసులో టైపిస్టు కావాలని ఇన్‌స్టిట్యూట్ మాస్టారు చెప్పి పంపించారు. ఆఫీసంటే ఏదో అనుకునేరు. స్టేషన్‌కి దగ్గర్లో ఒక అద్దె ఇంటి ముందు గది, రెండు బల్లలు, ఒక ఫోను, గోడ వారగా బెంచీ. అంతే. ఎంపీ గారిది బిల్హా దగ్గర వరి పండించే కుటుంబం. పొడుగ్గా, నల్లగా, భుజాన తువ్వాలుతో, లోకల్ బండి దిగి నడుచుకుంటూ వచ్చేసేవారు. చూసినవాళ్ళు ఆయన్నే పట్టుకుని ఎంపీ గారున్నారా అని అడగడం నేను ఎరుగుదును. నన్ను ‘నోనీ’ అని పిలిచేవారు. ఆ వైపు వాళ్ళు ఆడపిల్లని పిలుచుకునే మాట అది. మా బస్తీలో మాత్రం ఆయన మీద పెద్ద గురి ఉండేది కాదు. ఆయన పల్లెల మనిషి, వాళ్ళ భాష వేరు, మనం ఎక్కడినుంచో వచ్చినవాళ్ళం, మన ఓట్లెన్ని, మన బాధలెన్ని అనేవాళ్ళు.

ఆయనకి రెండే పట్టుదలలు. ఒకటి కాలవ నీళ్ళు, రెండోది కొత్త లైను. ఉన్న పట్టాల మీద బొగ్గు బండ్లదే రాజ్యం. బొగ్గు వెళ్ళేదాకా వడ్లు ఆగాలి, వడ్లు వెళ్ళేదాకా మనుషుల బండి ఆగాలి. చిన్న స్టేషన్లలో ధాన్యం బస్తాలు వానకి తడిసి మొలకలొచ్చేవి. మొలకలొచ్చిన గింజలు గుప్పిట్లో పట్టుకొచ్చి నా బల్ల మీద పోసిన రైతులున్నారు. ఇంకో లైను పడితే తప్ప ఇది తీరదని ఆయన సభ జరిగిన ప్రతిసారీ అడిగేవారు. ఆయన చెబితే ఆ ప్రశ్నలు టైపు కొట్టింది నేను. విషయం పరిశీలనలో ఉంది అని జవాబు వస్తే దాన్ని ఫైల్లో పెట్టిందీ నేనే. అదే ప్రశ్న మాట మార్చి మళ్ళీ కొట్టేదాన్ని. ఇప్పటి రోజులైతే ఆయన పేరు పక్కన ఆ ప్రశ్నలన్నీ ఫోనులో బారుగా కనబడి ఉండేవి.

చివరికి లైను మంజూరైంది. ఆ సాయంత్రం ఆఫీసులో జిలేబీ పంచారు. నేనొక పొట్లం ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను.

తరవాత కొన్నాళ్ళకే సర్వే వాళ్ళు గొలుసులూ జెండాలూ పట్టుకుని మా బస్తీలోకి వచ్చారు. ఎవరితోనూ మాట్లాడకుండా గోడల మీద తారుతో అంకెలు వేసుకుంటూ పోయారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి మా గోడ మీద అంకె వంక చూస్తోంది. తారు ఇంకా ఆరలేదు.

“నువ్వు టైపు కొట్టిన లైనేనేటే ఇది?” అంది.

అవునన్నాను.

“అయితే నువ్వే అడుగు ఆయన్ని, మా అమ్మ ఎక్కడికెల్లాలని.”

కోపంగా అన్నది కాదు. నిజంగానే అడగమంది. ఆ రాత్రంతా ఆ లైను గురించే ఆలోచించాను. ఊరికి మేలు చేసే పని అది. మొలకెత్తిన గింజలు నా కళ్ళతో చూశాను. అబద్ధం కాదు. మా నాన్న కట్టిన గోడ కూడా అబద్ధం కాదు.

ఆ మీదట ఇంకో పిడుగు. అంతకుముందు రైల్వే స్థలం ఖాళీ చేయమంటే జనం కోర్టుకి వెళ్ళి, ఏళ్ళ తరబడి ఆపించుకునే వీలుండేది. లైన్ల పనులు ఇందువల్లే ఆగిపోతున్నాయని, ఇకమీదట రైల్వే అధికారి ఉత్తర్వే ఆఖరి మాట అని ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది. బిల్లు పాసైతే మా బస్తీకి కోర్టు అన్న మాటే ఉండదు. ఎంపీ గారు ప్రభుత్వ పక్షం మనిషి. లైను ఆయన కల. ఆయన దేనికి ఓటేస్తారో అడగక్కర్లేదన్నాడు చిన్నాన్న.

అయినా బస్తీ వాళ్ళు ఆఫీసుకొచ్చి అడిగారు. అమ్మ కూడా వచ్చింది. నేను టైపు మిషను ముందు కూర్చుని ఉండగా అమ్మ నా ఎదుట బెంచీ మీద అర్జీదారులా కూర్చోవడం నాకు ఎలాగో అనిపించింది. అమ్మ హిందీ మీకు తెలుసు కదా, మన అమ్మలందరి హిందీయే, క్రియ తెలుగుది, మాట హిందీది. అయినా చెప్పవలసింది చెప్పేసింది. క్వార్టరు మాది కాదన్నారు, వదిలేశాం. ఇదీ మాది కాదంటే ఇంకేది మాది అంది. ఆయన విని, ఇల్లు చూస్తానన్నారు.

మర్నాడు పొద్దున్నే ఒక్కరే వచ్చారు. ఒక్కో ఇల్లూ, ఒక్కో గోడా చూసుకుంటూ బస్తీ చివరిదాకా నడిచారు. ఎండెక్కిపోయింది. మా ఇంటి దగ్గరికొచ్చేసరికి ముఖం వాడిపోయి ఉంటే అమ్మ చెంబెడు తరవాణి ఇచ్చింది, రాత్రి అన్నం నానబెట్టిన పులిసిన నీళ్ళు. అలాంటివి పెద్దవాళ్ళకి ఇస్తారా అని నాకు సిగ్గేసింది. ఆయన గటగటా తాగేసి, మా ఇంట్లో దీన్నే బాసీ అంటాం, ఇంకాస్త ఉంటే అన్నంతో సహా పెట్టమన్నారు. మా అరుగు మీద కూర్చుని ఉల్లిపాయ కొరుక్కుంటూ తిన్నారు. తిన్నాక చెయ్యి కడుక్కుని, అమ్మతో హిందీలో, నెమ్మదిగా, అర్థమవ్వాలని ఆగి ఆగి ఇలా అన్నారు.

“నేను మాటివ్వలేనమ్మా. ఆ లైను కోసం తిరిగిందీ నేనే. నీ ఇల్లు పోకూడదని ఇప్పుడు అనిపిస్తున్నదీ నాకే. ఈ రెండూ ఒక్క నోటితో ఎలా చెప్పాలో నాకింకా తెలియలేదు.”

ఆయన వెళ్ళాక చిన్నాన్న మండిపడ్డాడు. తిండి తిని కూడా మాటివ్వలేదన్నాడు. అమ్మ మాత్రం చెంబు తోముకుంటూ, “తెలీదంటే తెలీదన్నాడు. నాకదే నచ్చింది,” అంది.

ఎంపీ గారు ఢిల్లీ వెళ్ళారు. ఈసారి సభలో ఏం మాట్లాడతారో నాతో టైపు చేయించలేదు. ఆఫీసు కార్యదర్శిని అడిగితే, తనకీ చెప్పలేదని, పార్టీ వాళ్ళు మాత్రం బిల్లు వైపే వేసితీరాలని అందరికీ హుకుం జారీ చేశారని అన్నాడు. పార్టీని కాదని ఓటేస్తే సభ్యత్వమే పోయే చట్టం అప్పటికింకా రాలేదు గానీ, అలా వేసినవాడికి మళ్ళీ టికెట్టు ఉండదన్నది పసిపిల్లలకి కూడా తెలుసు. బిల్హా వైపు రైతులు వచ్చి, లైను ఆగకూడదు సుమా అని కార్యదర్శికి గట్టిగా చెప్పి వెళ్ళారు. వాళ్ళలో ఎంపీ గారి సొంత తమ్ముడు కూడా ఉన్నాడు.

ఆ రోజుల్లో నేను ఆఫీసులో రైతుల ముఖాలూ, ఇంటికొస్తే బస్తీ ముఖాలూ చూడలేకపోయేదాన్ని. కుళాయి దగ్గర నేను బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. ఎవరూ తిట్టలేదు. అదే కష్టంగా ఉండేది. అమ్మ ఒక్కతే ఎప్పటిలాగే నాకు డబ్బా సర్ది, జడ వేసి పంపేది. పక్కింటావిడ సామాను మూటలు కట్టడం మొదలుపెట్టింది. అమ్మని కూడా కట్టుకోమంటే, కడితే ఇల్లు వింటుంది, ఊరుకో అంది.

ఒకనాటి సాయంత్రం రేడియో వార్తల్లో, రైల్వే స్థలాల బిల్లుని సభ ఆమోదించిందని ఒక్క వాక్యం చెప్పి ఇంకో వార్తకి వెళ్ళిపోయారు. బస్తీలో రేడియో ఉన్న ఇళ్ళన్నీ ఒకేసారి మాట పడిపోయినట్టయ్యాయి. కాసేపటికి చిన్నాన్న సైకిలు వచ్చి ఆగింది.

“ఇంకా ఆ ఆఫీసుకెల్తావేటి నువ్వు? మానీయ్,” అన్నాడు నాతో.

నాకు బదులు అమ్మ చెప్పింది. “ఆయన ఏటేసినాడో ఎవులికి తెలుసు? తెలిసినాక మానీమను.”

నాకు ఆశ లేదు. అయినా అమ్మ మాట పట్టుకుని మర్నాడు వెళ్ళాను. అప్పటికే బస్తీ జనం ఆఫీసు ముందు గుమిగూడి ఉన్నారు. చిన్నాన్న డ్యూటీకి సెలవు పెట్టి వచ్చి ముందు నిలబడ్డాడు. కార్యదర్శి భయపడి తలుపు ఓరగా వేసి కూర్చున్నాడు. నన్ను చూసి దారి ఇచ్చారు, కానీ ఒక్కరూ పలకరించలేదు. లోపలికెళ్ళి కుర్చీలో కూర్చున్నానో లేదో ఫోను మోగింది. ఢిల్లీ నుంచి ట్రంకు కాలు. కార్యదర్శి ఎత్తి, రెండు మాటలు విని, రిసీవరు నాకిచ్చాడు. మాట్లాడాలన్నది నాతోనట.

“నోనీ, మీ బస్తీలో ఏం తెలిసింది?” అన్నారు.

బిల్లు నెగ్గిందని తెలిసిందన్నాను. ఆ గరగరలో ఆయనకి వినబడలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పాను.

“నెగ్గింది. నేను వ్యతిరేకంగా వేశాను. పేరు నమోదైంది. అంత మాత్రం చెప్పు, నువ్వేమీ కలపకు,” అన్నారు. ఇంకేదో అనబోతుండగా లైను తెగిపోయింది.

రిసీవరు పెట్టేసి బయటికొచ్చి గడప మీద నిలబడ్డాను. అంత జనం ముందు నేనెన్నడూ నోరు విప్పింది లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఒక్క మాట కలపలేదు. తరవాత చిన్నాన్న, “ఓటేసినోడే సెప్పుకుంటే సాచ్చికమేటి?” అన్నాడు. అదీ నిజమే కదా. జనం అరవకుండా, నమ్మకుండా, విడిపోయి వెళ్ళిపోయారు.

రెండు రోజుల తరవాత ఎంపీ గారు బండి దిగి, బిల్హాకి లోకలు ఎక్కకుండా, స్టేషన్ నుంచి తిన్నగా బస్తీకే వచ్చారు. నలిగిన బట్టలు, చేతిలో చిన్న సంచి. కుళాయి గట్టు దగ్గర నిలబడ్డారు. ఎవరూ పిలవకుండానే జనం చేరారు. అప్పుడు ఆయన చెప్పినదంతా నేను పక్కన నిలబడి ముసలివాళ్ళ కోసం తెలుగులో చెబుతూ పోయాను.

మామూలుగా సభలో బిల్లుల్ని నోటి మాటతో తేల్చేస్తారట, మూజువాణి ఓటు అంటాం చూడండి, అదన్నమాట. ఔనన్నవాళ్ళ గోల ఎక్కువైతే ఔను, కాదన్నవాళ్ళ గోల ఎక్కువైతే కాదు. ఎవరేమన్నారో ఎక్కడా ఉండదు. ఆ గోలలో తాను ఔనన్నా కాదన్నా బస్తీకి తెలిసేది కాదు, పార్టీకీ తెలిసేది కాదు, రెండు చోట్లా రెండు మాటలు చెప్పి తప్పించుకోవచ్చు. అందుకే తానే లేచి, పేర్లతో ఓటింగ్ పెట్టమని అడిగారట. అలా అడిగితే ప్రతి సభ్యుడూ తన బల్ల మీది మీట నొక్కాలి. ఔనంటే ఆకుపచ్చ దీపం, కాదంటే ఎర్రది, గోడ మీద బోర్డులో ఎవరి చోట వాళ్ళకి వెలుగుతుంది. తమ వరసలన్నీ పచ్చగా వెలుగుతుంటే మధ్యలో తనది ఒక్కటే ఎర్రగా ఉందనీ, ముందు వరసలో వాళ్ళు మెడలు తిప్పి చూశారనీ చెప్పారు. చెబుతూ, అప్పటి ఇబ్బంది గుర్తొచ్చినట్టు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

ఓటింగ్‌కి ముందు ఆయన మా బస్తీ గురించి మాట్లాడారట. దానికి మంత్రి గారు, మనుషులు కాపురం ఉంటున్న చోట ఇంకోసారి సర్వే చేయించి, వేరే దారి ఉందేమో చూస్తామని సభలో మాటిచ్చారట.

చిన్నాన్న ముందుకొచ్చాడు. మంత్రి మాటిచ్చాడు కదా, మరి కాదని ఎందుకేసినట్టు అని అడిగాడు. ఆయన, “మాటిచ్చిన మంత్రి రేపు ఉంటారో మారతారో. బిల్లు మాత్రం ఉంటుంది. బిల్లులో మీ సంగతి లేదు,” అన్నారు.

“అయినా నెగ్గిపోనాది. మరి తమ ఓటు ఏటి సేసినట్టు, బాబూ?”

ఆ ప్రశ్నని హిందీలోకి మార్చి చెప్పడానికి నాకు నోరాడలేదు. కానీ చిన్నాన్న ముఖం చూసే ఆయనకి అర్థమైంది.

“ఏమీ చేయలేదు,” అన్నారు. “ఇంకా చేయాలి. ఆ సర్వే వచ్చేదాకా నేను వాళ్ళ గుమ్మాలు వదలను.”

చిన్నాన్న ఆయన చేతిలో సంచి తీసుకుని తన సైకిలు హ్యాండిలుకి తగిలించి, స్టేషన్‌దాకా ఆయన పక్కనే నడిపించుకుంటూ వెళ్ళాడు. దారిలో ఏం మాట్లాడుకున్నారో నాకు ఎప్పటికీ తెలియలేదు.

ఆయన అన్నంత పనీ చేశారు. ఆ తరవాతి నెలలన్నీ నేను టైపు కొట్టింది ఒకే సంగతి. ఈ ఆఫీసుకీ ఆ ఆఫీసుకీ వెళ్ళి, గుమ్మాల్లో కూర్చుని, మంత్రి గారి మాట ఏమైందని అడుగుతూ తిరిగారు. పోగొట్టుకునేది ఇంకేమీ లేదు గనక ఎవరికీ భయపడాల్సిన పని లేకపోయిందని కార్యదర్శి నవ్వేవాడు. వానాకాలం వెళ్ళి, చలి మొదలయ్యాక, గొలుసులూ జెండాలూ మళ్ళీ వచ్చాయి. ఈసారి వచ్చిన ఇంజనీరు ఇళ్ళ మధ్య ఆగలేదు. బస్తీ వెనక, ఆవిరి ఇంజన్ల కాలంలో బొగ్గు కుప్పలు పోసిన మైదానం ఉండేది. డీజిల్ ఇంజన్లు వచ్చాక అది ఊరికే పడి ఉంది, మేకలు తిరిగేవి. లైనుని కాస్త వంచి దాని మీదుగా తీసుకెళ్ళిపోయారు. రోజుల తరబడి కొలతలు వేసి, వెళ్ళేటప్పుడు ఆ ఇంజనీరు మా గుమ్మంలో నిలబడిన అమ్మతో, “మీ ఇల్లు ఇక మాకు అడ్డం లేదు, మాతాజీ,” అన్నాడట.

ఆ మధ్యాహ్నం నాకు ఇంకా ఏమీ తెలియదు. ఎందుకో ఒంట్లో బాగాలేక ఆఫీసు నుంచి ముందే ఇంటికొచ్చాను. తలుపు బార్లా తీసి ఉంది. అమ్మ చాప మీద ఒళ్ళు మరిచి నిద్రపోతోంది. నాన్న పోయిన తరవాత అమ్మ పగటిపూట కునుకు తీయడం నేను చూసింది లేదు. దగ్గరికెళ్ళి కూర్చుని చూశాను. ఊపిరి హాయిగా ఆడుతోంది, నోరు కొంచెం తెరిచి ఉంది. నేను తట్టగానే కళ్ళు తెరిచి, “వొంచీసినార్రా తల్లీ లైను,” అని, మళ్ళీ కళ్ళు మూసుకుంది. నేనూ పక్కనే పడుకున్నాను. ఒంట్లో బాగాలేదన్నది మరిచేపోయాను. పొయ్యి వెలిగించకుండా, దీపాల వేళ దాకా తల్లీ కూతుళ్ళం అలాగే పడుకున్నాం. అంత తేలికైన నిద్ర నా జన్మలో మళ్ళీ ఎన్నిసార్లు పట్టిందో వేళ్ళ మీద చెప్పగలను.

మర్నాడు బస్తీ అంతా సున్నం కలిపింది. ఎంత వేసినా తారు అంకెలు మాత్రం లోపలి నుంచి తేలుతూనే ఉండేవి. ఆ ఏడాదంతా ఎవరికి తోచినప్పుడు వాళ్ళు ఇంకో పూత వేస్తూనే ఉన్నారు.

లైను ఆలస్యంగానైనా పడింది. వడ్లు కదిలాయి. కానీ పల్లెల్లో కోపం చల్లారలేదు. తెలుగు వాళ్ళ కోసం సొంత రైతుల్ని ముంచాడన్నారు. తమ్ముడు ఆయనతో మాట్లాడడం మానేశాడు. తరవాతి ఎన్నికల్లో పార్టీ ఆయనకి టికెట్టు ఇవ్వలేదు. ఆఫీసు మూతపడింది. ఆఖరి రోజున ఆయన నన్ను ఒక బ్యాంకు మేనేజరు గారి దగ్గరికి పరీక్ష రాయడానికి వెళ్ళమని చెప్పి, సిఫారసు మాత్రం చేయనన్నారు. నెగ్గుతావులే అన్నారు. నెగ్గాను. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆ బ్యాంకులోనే రిటైరయ్యాను.

అమ్మకి మాత్రం ఒకటే మనసులో పీకుతుండేది, ఆయనకి మనం ఏమీ చేయలేదే అని. నా పెద్ద కూతురు పాకడం నేర్చుకున్న రోజుల్లో, పెరట్లో మునగచెట్టు విరగకాస్తే ఒక కట్ట కట్టి, లోకల్ బండెక్కి బిల్హా వెళ్దాం పదమంది. స్టేషన్లో దిగి అడిగితే చిన్న పిల్లలు కూడా ఆయన ఇల్లు చూపించారు. ఆయన కళ్ళంలో ఉన్నారు, వడ్లు తూర్పారబడుతూ. ఒళ్ళంతా ఊకే. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టి వచ్చి, మునగకాడల కట్ట అందుకుని, నా బిడ్డని ఎత్తుకుని, అమ్మని మొదట అడిగింది ఇంటి గురించే. పెంకులు మార్చారా అని.

అమ్మ మార్చామని చెప్పి, ఉండబట్టలేక, మా వల్ల మీ పని పోయింది బాబూ అంది. ఆయన నవ్వారు. లైను అడిగిన రోజుల్లో ప్రతిసారీ సభ నుంచి వచ్చి పడుకుంటే నిద్రపట్టేది కాదనీ, జవాబు రాలేదే అని దొర్లేవాణ్ణనీ, కాదని ఓటేసిన ఆ ఒక్క రోజు మాత్రం సభలో ఇంతకంటే చేయడానికి ఏమీ లేదనిపించి పొద్దెక్కే దాకా పడుకున్నాననీ చెప్పారు. చెబుతుండగానే లోపలి నుంచి ఒకాయన మంచినీళ్ళు తెచ్చి మాకు ఇచ్చి, ఎండలో ఎందుకు నిలబెట్టావు అన్నయ్యా వాళ్ళని, నీడలోకి రమ్మను అన్నాడు. ఆఫీసుకొచ్చి గట్టిగా మాట్లాడి వెళ్ళి, ఆ తరవాత అన్నతో మాటలే మానేసిన తమ్ముడే. అమ్మకి అది అర్థం కాలేదు, నాకు అర్థమై ప్రాణం లేచివచ్చింది. తిరుగు బండిలో అమ్మకి చెబితే, కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు తనలో తానే తల ఊపుకుంది.

ఆయన పోయి ఏళ్ళయింది. అమ్మ అంతకుముందే వెళ్ళిపోయింది, చిన్నాన్నా లేడు. నా మనవరాలిని ఫోనులో ఆయన పేరు కొట్టి చూడమంటే ఏమీ దొరకలేదు. అది దిగులు పడింది గానీ నాకు పెద్దగా అనిపించలేదు. ఈ రోజుల్లో ఎవరు ఏం అడిగారో, ఏం మానేశారో ఇంట్లో కూర్చుని తెలుసుకునే వీలు రావడం మంచిదే. నాలాగా గడప మీద నిలబడి, నమ్మని ముఖాల ముందు ఒకరి మాట చెప్పే గతి ఏ ఆడపిల్లకీ పట్టకూడదు. నేనింకా ఉంటున్న మా బస్తీకి ఇప్పుడు పట్టా కాగితాలున్నాయి, సిమెంటు రోడ్డుంది, పెంకుటిళ్ళు డాబాలయ్యాయి. ఇంటింటి ముందూ రెండేసి స్కూటర్లు. సాయంత్రమైతే బండి ఎవరి గుమ్మానికి అడ్డం పెట్టారని హిందీలో పోట్లాడుకుంటారు. ఆ పోట్లాడుకునే వాళ్ళలో ఒక్కరికైనా ఇక్కడి ఇళ్ళు ఒకప్పుడు పోవలసినవని తెలియదు. చెబుదామా అని ఒక్కోసారి నోటిదాకా వస్తుంది. మళ్ళీ ఊరుకుంటాను. తమ ఇల్లు తమదేనా అన్న సందేహం పుట్టని మనుషుల గొంతుల్లో ఒక ధీమా ఉంటుంది చూడండి, అది వినడానికి నాకు ఇష్టం. అమ్మ ఉంటే తనూ గుమ్మంలో కూర్చుని ఆ పోట్లాట చివరిదాకా వినేది.